ఇంకో ప్రశ్న అడిగే తీరిక

"మొహం కూడా చూడకుండా మందులు రాసిచ్చేశాడు."

బెంగళూరులో తెలుగువాళ్లు నలుగురు కూర్చున్న చోట ఆస్పత్రి మాట వస్తే ఈ ఫిర్యాదు రాకుండా పోదు. మారతహళ్లి అపార్ట్‌మెంట్లలో ఉండే సాఫ్ట్‌వేర్ వాళ్లూ ఇదే అంటారు, కె.ఆర్.పురం అవతల రేకుల షెడ్లలో ఉంటూ బేల్దారి పనికి పోయే కదిరి, మదనపల్లె వాళ్లూ ఇదే అంటారు. నేను డాక్టర్ని కాబట్టి నా ఎదురుగా కాస్త మెత్తగా అంటారు, అంతే తేడా. వాళ్లు చెప్పేది నిజం. ఆ కోపం న్యాయమైనదే. కాకపోతే దాని వెంటనే ఇంకో మాట వస్తుంది: "ఈ కాలం డాక్టర్లకు, నర్సులకు జాలి లేదు" అని. నాకు పేచీ అంతా ఆ మాటతోనే.

తూర్పు బెంగళూరులో ఒక పట్టణ ఆరోగ్య కేంద్రంలో కాంట్రాక్టు మీద కొన్నేళ్లు పనిచేశాను. ఇప్పుడు ఒక చిన్న వీధి క్లినిక్‌లో ఉన్నాను. జ్వరాలు, షుగరు, బీపీ, గర్భిణులు, పిల్లల టీకాలు, నడుం నొప్పులు, నిద్ర పట్టని మనుషులు, ఇదే నా ప్రపంచం. ఇన్నేళ్లలో నాకు గట్టిగా తేలింది ఒకటే. రోగి మీద మనసు పెట్టడం అన్నది డాక్టరు, నర్సు పుట్టుకతో తెచ్చుకున్న గుణం మీద చాలా కొద్దిగానే ఆధారపడుతుంది. ఆ గదిలో పని ఎలా పంచారు, మనిషికి ఎంత టైం దొరుకుతుంది, రేపు కూడా అదే నర్సు అక్కడ ఉంటుందా అన్నవాటి మీదే చాలావరకు ఆధారపడుతుంది. ఆ మనసు పెట్టడం వైద్యంలో భాగం. పైపైన అద్దే మర్యాద కాదు. అలాంటప్పుడు బీపీ మెషిన్ కొనివ్వడం ఎవరి బాధ్యతో ఆ తీరిక కల్పించడం కూడా వాళ్ల బాధ్యతే.

ఇది ఎందుకు ఇంత నమ్మకంగా అంటున్నానో ఒకామె గురించి చెబితే తెలుస్తుంది. గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను.

నలభై దాటిన మనిషి. ఊరు అనంతపురం వైపు పల్లె. ఇక్కడ హొరమావు చుట్టుపక్కల లేస్తున్న బిల్డింగుల్లో కూలి పని. షుగరు ఉంది. ఆమె కార్డు తెరిస్తే నాలుగు విజిట్లు, నాలుగు రకాల చేతిరాత, నాలుగు సంతకాలు. మొదట మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా. తర్వాత అది 1000 అయింది. ఆ తర్వాతి నెల గ్లిమిపిరైడ్ అనే ఇంకో షుగరు మాత్ర 1 ఎంజీ తోడైంది. అదీ 2 అయింది. పరగడుపు షుగరు మాత్రం ఒక్కసారి కూడా 200 కిందికి దిగలేదు. ప్రతి డాక్టరూ ఆమెను అడిగిన ప్రశ్న ఒకటే: "మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నావా?" ఆమె జవాబు కూడా ఒకటే: "వేసుకుంటాండా మేడం."

ఆ రోజు పొద్దున్నుంచీ వాన. క్యూ పల్చగా ఉంది. మా స్టాఫ్ నర్సుది మదనపల్లె. ఆ షుగరు మనిషికి బీపీ పట్టీ చుడుతూ నర్సు ఊరికే మాటల్లో పెట్టినట్టు, "మాత్రలు ఇంట్లో యాడ పెట్టుకుంటావక్కా?" అని అడిగింది.

"బియ్యం డబ్బా మీద పెడ్తాం సిస్టర్. ఇద్దరికీ అందేట్టు."

ఇద్దరెవరు? మొగుడూ పెళ్లామూ. ఆయనకూ షుగరే. సెంట్రింగ్ పని చేస్తాడు. పగలు ఓపీకి వచ్చి లైన్లో నిలబడితే ఆ రోజు కూలి పోతుంది. అందుకని ఆమెకిచ్చిన మాత్రలే ఇద్దరూ పంచుకుంటున్నారు. పొద్దుటివి ఆమెకు, రాత్రివి ఆయనకు. ఆమె ఏ పూటా అబద్ధం చెప్పలేదు. వేసుకుంటున్నావా అని అడిగారు, వేసుకుంటున్నానంది.

నర్సు అక్కడితో ఆగలేదు. ఆయన ఊళ్లో లేనప్పుడు ఏం చేస్తావని అడిగింది. ఉగాదికి ఆయన ఊరికి పోయినప్పుడు ఉన్న మాత్రలన్నీ రెండు పూటలా తానే వేసుకుందట. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం, పొద్దున ఏమీ తినకుండా పనికొచ్చి, ఇటుకలు మోస్తూ మోస్తూ చేతులు వణికి, ఒళ్లంతా చెమటలు పట్టి కూలబడింది. అందరూ ఎండకే అనుకున్నారు. మేస్త్రీ కూల్‌డ్రింకు తెప్పించి తాగిస్తే తేరుకుంది. అది ఎండ కాదు. సగం మందు తింటున్న మనిషికి పెంచుకుంటూ పోయిన డోసు, ఒక్కసారిగా పూర్తిగా ఒంట్లో పడేసరికి షుగరు పడిపోయింది. ఆ కూల్‌డ్రింకులోని చక్కెర ఆమెను నిలబెట్టింది.

నాలుగు చేతిరాతల్లో ఒక్కటీ చెడ్డ డాక్టరుది కాదు. పుస్తకం ప్రకారం చూస్తే ఒక్క తప్పూ లేదు. షుగరు తగ్గలేదు, డోసు పెంచారు. కావాల్సిందల్లా ఇంకో ప్రశ్న, దాని జవాబు వినడానికి ఇంకో రెండు నిమిషాలు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. అదే నర్సు సోమవారం పొద్దున, వరండా దాటి గేటు దాకా లైను ఉన్నప్పుడు, ఆ ప్రశ్న అడిగేది కాదు. ఈ మాట నాతో తనే అంది. సోమవారాల్లో తను "తొందరగా చెప్పమ్మా, వెనక జనం ఉన్నారు" అని కసిరే మనిషి. వాన పడిన రోజు ఒక మనిషి ప్రాణం కాపాడిన ప్రశ్న అడిగిన మనిషీ తనే. జాలి సోమవారం ఎక్కడికి పోయింది, వానకు ఎక్కడి నుంచి వచ్చింది?

దీన్ని కొలిచి చూసినవాళ్లు ఉన్నారు. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని థామస్ జెఫర్సన్ యూనివర్సిటీలో మహమ్మద్‌రెజా హోజత్ అనే పరిశోధకుడు, రోగి పరిస్థితిని డాక్టరు ఎంత అర్థం చేసుకోగలుగుతున్నాడో, అంటే అతని సహానుభూతిని, అంచనా వేసే ఒక ప్రశ్నావళి తయారు చేశాడు. 2011లో ఆయన బృందం 29 మంది ఫ్యామిలీ డాక్టర్లనూ, వాళ్ల దగ్గర చూపించుకునే 891 మంది షుగరు రోగులనూ తీసుకుని లెక్క వేసింది. సహానుభూతి స్కోరు ఎక్కువున్న డాక్టర్ల రోగుల్లో 56 శాతం మందికి మూడు నెలల షుగరు సగటు అదుపులో ఉంది. స్కోరు తక్కువున్న డాక్టర్ల రోగుల్లో అది 40 శాతమే. మరుసటి ఏడు ఇటలీలోని పార్మా ప్రాంతంలో 242 మంది డాక్టర్లు, దాదాపు 21 వేల మంది షుగరు రోగుల మీద ఇదే చూశారు. షుగరు ప్రమాదకరంగా పెరిగో పడిపోయో ఆస్పత్రిలో చేరాల్సి వచ్చినవాళ్లు, స్కోరు ఎక్కువున్న డాక్టర్ల దగ్గర వెయ్యికి 4, తక్కువున్న డాక్టర్ల దగ్గర 6.5. మధ్యస్థంగా ఉన్న డాక్టర్ల దగ్గర 7.1 వచ్చింది, అంటే అంకెలు వరసగా మెట్లు ఎక్కవు. ఇలాంటి లెక్కలు కారణాన్ని రుజువు చేయవని కూడా నాకు తెలుసు. కానీ ఆ తేడా ఏ దారిలో వస్తుందో నాకు బియ్యం డబ్బా దగ్గర కనిపించింది. మనసు పెట్టి అడిగితే సమాచారం వస్తుంది. సమాచారం వస్తే మందు మారుతుంది. ఇందులో మహత్తు ఏమీ లేదు.

ఇప్పుడు టైం సంగతి. 2017లో 67 దేశాల లెక్కలు కలిపి ఒక పరిశోధన వచ్చింది. ప్రాథమిక వైద్యంలో డాక్టరు ఒక మనిషికి ఇచ్చే సగటు సమయం స్వీడన్‌లో 22 నిమిషాల పైన, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. మన దేశానికి వచ్చిన అంకె రెండు నిమిషాల చిల్లర. ఆ అంకె చూసి బయటివాళ్లు ఆశ్చర్యపోయారేమో గానీ, ఓపీలో కూర్చునేవాళ్లెవరూ ఆశ్చర్యపోలేదు. మీరే లెక్క వేయండి. తొమ్మిది నుంచి ఒంటి గంట దాకా 240 నిమిషాలు. ఎనభై మంది వస్తే మనిషికి మూడు నిమిషాలు. అందులోనే మనిషి లోపలికొచ్చి కూర్చోవాలి, చీటీ వెతకాలి, పిల్లాణ్ని ఒళ్లోకి తీసుకోవాలి, నేను రాయాలి, కంప్యూటర్‌లో ఎక్కించాలి. మిగిలేది మాట్లాడుకోవడానికి.

రోగి మాటను డాక్టరు ఎంతసేపటికి మధ్యలో ఆపుతాడో 1984లోనే అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు లెక్క తీశారు. సగటున 18 సెకన్లు. అది మనకంటే ఎంతో తీరిగ్గా వైద్యం నడిచే దేశం.

అలసట మందుల చీటీలోకి ఎలా దిగుతుందో చూపే అధ్యయనం ఒకటుంది. నేను దాన్ని మా జూనియర్లకు తరచూ చెబుతాను. బోస్టన్ చుట్టుపక్కల ప్రాథమిక వైద్య క్లినిక్కుల్లో జలుబు, దగ్గు, గొంతు నొప్పితో వచ్చినవాళ్ల 20 వేలకు పైగా విజిట్లు తీసుకుని, యాంటీబయాటిక్ ఏ గంటలో ఎక్కువ రాస్తున్నారో చూశారు. ఫలితం 2014లో వచ్చింది. ఓపీ మొదటి గంట కన్నా నాలుగో గంటలో యాంటీబయాటిక్ రాసే అవకాశం దాదాపు నాలుగో వంతు ఎక్కువ. రోగులు అవే రకం, డాక్టర్లు వాళ్లే, చదువు అదే. "ఇది వైరల్ జ్వరమమ్మా, యాంటీబయాటిక్ వద్దు, వేడినీళ్లు తాగించు, మూడు రోజులు చూద్దాం" అని తల్లికి నచ్చజెప్పడానికి ఓపిక కావాలి. చీటీ మీద అజిత్రోమైసిన్ అని రాయడానికి ఏమీ అక్కర్లేదు. మనం ఓపిక తగ్గడం అంటే గొంతు పెంచడమే అనుకుంటాం. చాలాసార్లు అది గొంతులో వినిపించదు, చీటీలో ఉంటుంది.

బర్నౌట్ అంటున్నది దీన్నే. ఈ మాటను 1974లో వైద్య సాహిత్యంలోకి తెచ్చిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ న్యూయార్క్‌లో పేదల కోసం నడిచే ఒక ఉచిత క్లినిక్‌లో పనిచేసినవాడు. సేవ చేయాలని ఎగిరి గంతేసి వచ్చిన వాలంటీర్లు కొన్ని నెలలకు ఎలా చతికిలబడుతున్నారో చూసి రాశాడు. బద్ధకస్తులను చూసి కాదు, అందరికన్నా ఎక్కువ మనసు పెట్టినవాళ్లను చూసి. 1981లో క్రిస్టినా మస్లాక్, సూసన్ జాక్సన్ దీన్ని మూడు భాగాలుగా కొలవడం మొదలుపెట్టారు. మొదటిది, మనసు పూర్తిగా అరిగిపోవడం. పొద్దున బస్సు దిగుతుండగానే కడుపులో టెన్షన్ మొదలవుతుంది. రెండోది, ఎదుటి మనిషి మనిషిలా కనిపించకపోవడం. "ఆ యాభై నాలుగు లోపలికి రమ్మను", "ఆ టీబీ కేసు మళ్లీ వచ్చింది". మూడోది, నేను చేసేదాని వల్ల ఎవరికీ ఏమీ ఒరగడం లేదనే భావం. నా అనుభవంలో మూడోదే ప్రమాదం. మొదటిది వారం సెలవు పెడితే కొంత తగ్గుతుంది. రెండోది ఎవరైనా గట్టిగా మందలిస్తే సర్దుకుంటుంది. మూడోది వచ్చిన మనిషి కేంద్రానికి వస్తూనే ఉంటుంది, రిజిస్టర్‌లో సంతకం పెడుతూనే ఉంటుంది, లోపల పని మానేసి ఉంటుంది.

2022లో 170 అధ్యయనాలు కలిపి చేసిన విశ్లేషణలో, బర్నౌట్‌లో ఉన్న డాక్టర్ల చేతుల్లో రోగి భద్రతకు సంబంధించిన పొరపాట్లు జరిగే అవకాశం రెండింతలు ఉందని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన కొత్త జబ్బుల పట్టికలో దీన్ని చేరుస్తూ, ఇది జబ్బు కాదు, పనిచేసే చోటి ఒత్తిడిని సరిగ్గా చూసుకోకపోవడం వల్ల వచ్చే పరిస్థితి అని స్పష్టంగా రాసింది. పనిచేసే చోటు. ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించమని అధికారులను వేడుకుంటున్నాను.

"అంత మనసుకు పట్టించుకోవద్దు, నువ్వే దెబ్బతింటావు" అని మా సీనియర్లు మాకు చెప్పేవాళ్లు. ప్రేమతోనే చెప్పేవాళ్లు. రోగితో దూరం పాటిస్తే మనసు అరిగిపోదని దాని అర్థం. నేను దీన్ని ఒప్పుకోను. స్పెయిన్‌లోని లేయిదా ప్రాంతంలో ప్రాథమిక వైద్య కేంద్రాల డాక్టర్లు, నర్సుల మీద చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో కనిపించింది దీనికి రివర్సు. సహానుభూతి తక్కువున్నవాళ్లలోనే బర్నౌట్ ఎక్కువగా ఉంది. ఏది ముందు, ఏది వెనక అన్నది అలాంటి అధ్యయనం చెప్పలేదు. మనసు అరిగిపోయినవాళ్లు దూరం జరిగారా, దూరం జరిగినవాళ్లు అరిగిపోయారా? రెండూ జరుగుతాయని నా అనుకోలు. కానీ దూరం జరగడం కాపాడుతుందన్న సలహాకు మాత్రం అందులో ఆధారం లేదు. జర్మనీలో తానియా సింగర్, ఓల్గా క్లిమెకి చేసిన ప్రయోగాలు ఇంకొంచెం ముందుకు వెళ్లాయి. ఎదుటివాళ్ల బాధను తమ బాధగా అనుభవించడం సాధన చేసినవాళ్లు కుంగిపోయారు. వాళ్లే ఆ తర్వాత, బాధలో ఉన్నవాళ్లకు మేలు కోరడం, సాయపడాలనుకోవడం సాధన చేస్తే తేరుకున్నారు.

దీన్ని మా ఓపీలోకి తెస్తే నాకు అర్థమైంది ఇది. బాధను చూడటం వల్ల మనిషి అరిగిపోదు. చూసి, ఏం చేయాలో తెలిసి, చేయలేకపోవడం వల్ల అరిగిపోతుంది. ఆ బియ్యం డబ్బా రోజున మా నర్సు సాయంత్రం హుషారుగా ఇంటికెళ్లింది. ఎందుకంటే తను అడిగిన ప్రశ్నకు ఫలితం ఉంది. ఆయనకు వేరే కార్డు రాశాం, మాత్రలు విడిగా ఇచ్చాం, ఆమె డోసు మళ్లీ మొదటికి తెచ్చాం. ఆ ప్రశ్న అడిగాక "ఆయన వస్తేగాని మందులు ఇవ్వం, రూలు ఒప్పుకోదు" అనాల్సి వచ్చుంటే? రెండుసార్లు అలా అనాల్సి వచ్చిన మనిషి మూడోసారి ఆ ప్రశ్న అడగదు. అడిగితే తెలుస్తుంది, తెలిస్తే బాధ. అందుకని అడగడం మానేస్తుంది. బయటినుంచి చూసేవాళ్లకు అది జాలి లేకపోవడంలా కనిపిస్తుంది.

"మా ఊళ్లో పాత డాక్టరుగారు రోజుకు వంద మందిని చూసేవారు. మొహంలో చిరునవ్వు చెరిగేది కాదు. ఆయనకు ఏ బర్నౌటూ లేదు" అని పెద్దవాళ్లు అంటారు. హిందూపురంలో అలాంటి డాక్టరుగారి చేతి మందుతోనే నేనూ పెరిగాను. అందుకే దీనికి జవాబు చెప్పాలి. ఆయన వంద మందిని చూసేవారు, నిజమే. కానీ అందులో తొంభై మంది ఆయనకు తెలిసినవాళ్లు. ఈ పిల్లాడి నాన్నకు ఉబ్బసం, ఈమె అత్తకు షుగరు, వీళ్లింట్లో పోయినేడు చావు అయింది అన్నది ఆయన తలలో ఉంది. ఆయనకు రెండు నిమిషాలు చాలేవి, ఎందుకంటే మిగతా ఇరవై నిమిషాలు అంతకు ముందు పదేళ్లలో ఎప్పుడో ఖర్చు పెట్టి ఉంచారు. నార్వేలో లక్షల మంది రికార్డులు చూసి చేసిన అధ్యయనంలో, ఒకే డాక్టరు దగ్గర 15 ఏళ్లకు పైగా చూపించుకుంటున్నవాళ్లలో, కొత్తగా డాక్టరు మారినవాళ్లతో పోలిస్తే మరణాలు నాలుగో వంతు తక్కువ, ఆస్పత్రిలో చేరడాలు దాదాపు 30 శాతం తక్కువ ఉన్నాయి.

బెంగళూరులో మనం ఈ పరిచయాన్ని రెండు వైపులా తెంచేస్తున్నాం. బిల్డింగు పూర్తయితే కూలివాళ్లు హొరమావు నుంచి సర్జాపుర వైపు పోతారు, ఆరు నెలల్లో ఇంకో చోటికి. ఇటువైపు కాంట్రాక్టు డాక్టరు. చాలామంది ఎంబీబీఎస్ అయి పీజీ ఎంట్రెన్స్‌కు చదువుకుంటున్న పిల్లలు, సీటు రాగానే వెళ్లిపోతారు. వాళ్లను తప్పుపట్టలేం. ఈ పనికి భవిష్యత్తు ఉందని మనం వాళ్లకు ఎప్పుడూ చూపించలేదు. పట్టణ ఆరోగ్య మిషన్ 2013లో వచ్చింది, యాభై వేల జనాభాకు ఒక కేంద్రం ఉండాలంది. 2022 డిసెంబరులో కర్ణాటక ప్రభుత్వం నమ్మ క్లినిక్‌లు మొదలుపెట్టింది, బెంగళూరులో వార్డుకొకటి లెక్కన 243 అనుకున్నారు. మంచి ఆలోచన, ఇంటికి దగ్గర్లో ఉచితంగా డాక్టరు, నర్సు, ల్యాబు. నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కానీ గోడలు కట్టడం, బోర్డు పెట్టడం ఒక ఏడాది పని. ఒకే నర్సు అదే వీధిలో పదేళ్లు ఉండేట్టు చేయడం వేరే పని. దానికి రిబ్బన్ కటింగ్ ఉండదు.

డాక్టర్ల గురించే ఎక్కువ రాశాను. నిజానికి ఈ బరువులో పెద్ద వాటా నర్సులది, ఏఎన్‌ఎమ్‌లది, ఆశా కార్యకర్తలది. మధ్యాహ్నం మూడు తర్వాత ఏ ఆరోగ్య కేంద్రానికైనా వెళ్లి చూడండి. ముందు పుస్తకంలో రాసినదే మళ్లీ గర్భిణుల పోర్టల్‌లో, టీబీ పోర్టల్‌లో, బీపీ షుగరు పోర్టల్‌లో ఎక్కిస్తూ ఉంటారు. సర్వర్ తిరుగుతూ ఉంటుంది. ఓటీపీ కోసం పేషెంటు మొగుడికి ఫోన్ చేస్తూ ఉంటారు, ఫోన్ ఆయన దగ్గర ఉంటుంది కాబట్టి. పై అధికారి అడిగేది ఎంట్రీ ఎంత శాతం అయింది అని. ఆమె తలెత్తి ఎదురుగా ఉన్న గర్భిణి మొహం చూసిందా అని ఎవరూ అడగరు, ఆ గడి ఏ పోర్టల్‌లోనూ లేదు. ఆశా కార్యకర్తలకు 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. 2025 జనవరిలో అదే ఆశా కార్యకర్తలు నెలకు 15 వేలు స్థిరంగా ఇవ్వమని బెంగళూరు ఫ్రీడం పార్కులో చలిలో రాత్రింబవళ్లు కూర్చున్నారు. కనీసం 10 వేలు దక్కేలా చూస్తామన్న హామీతో లేచారు. తన ఇంటి అద్దె ఎలా కట్టాలో తెలియని మనిషిని, పక్కింటి బాలింత దిగులు కనిపెట్టమని పంపిస్తున్నాం.

ప్రైవేటు క్లినిక్కుల గురించి ఒక్క మాట చాలు. అక్కడ టైం కొంచెం ఎక్కువ దొరుకుతుంది, కానీ ఆ టైంకి టెస్టుల టార్గెట్ వెంటాడుతుంది. డాక్టరు మనసును అరగదీయడానికి అదింకో దారి.

వీటన్నిటికీ మనవాళ్లు కనిపెట్టిన మందు ట్రైనింగ్. ఒక శనివారం హాల్లో కూర్చోబెట్టి, ప్రొజెక్టర్ పెట్టి, చిరునవ్వుతో పలకరించండి, పేషెంటు కళ్లలోకి చూడండి అని చెబుతారు. చివర్లో ప్రాణాయామం. ఆ శనివారం ఓపీ సోమవారం ఓపీలో కలుస్తుంది. నేర్పడం వద్దని నేను అనను. 2019 బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్ పిల్లలకు వైద్యనీతి, రోగితో మాట్లాడే తీరు సిలబస్‌లోనే పెట్టారు, అది అవసరమే. కానీ హోజత్ బృందమే 2009లో ఇంకో సంగతి చూపించింది. మెడికల్ విద్యార్థుల సహానుభూతి స్కోరు మొదటి రెండేళ్లు నిలకడగా ఉండి, మూడో ఏడాదిలో పడిపోతుంది. వాళ్ల దేశంలో మూడో ఏడాది అంటే వార్డుల్లోకి అడుగుపెట్టే ఏడాది. తరగతిలో ఉన్నన్నాళ్లూ ఉన్నది అసలు పనిలోకి దిగగానే పోతుంటే, తరగతిని ఎంత బాగు చేస్తే ఏం లాభం? 2017లో వచ్చిన ఒక విశ్లేషణ కూడా ఇదే వైపు చూపిస్తుంది. డాక్టర్లకు విడివిడిగా ధ్యానం, ఒత్తిడి తగ్గించే పాఠాలు నేర్పడం కన్నా, డ్యూటీలు, పని పద్ధతి మార్చిన చోట బర్నౌట్ ఎక్కువ తగ్గింది.

మరి ఏం మార్చాలి? నన్ను అడిగితే మొట్టమొదట మందులు ఇచ్చే గడువు. బీపీ, షుగరు అదుపులో ఉన్న మనిషిని పదిహేను రోజులకోసారి, నెలకోసారి లైన్లో నిలబెట్టడం వల్ల ఎవరికీ మేలు లేదు. ఆమెకు కూలి పోతుంది, మాకు ఓపీ నిండుతుంది. నిలకడగా ఉన్నవాళ్లకు రెండు నెలల మందులు ఒకేసారి ఇస్తే, వరండాలో జనం సగానికి సగం తగ్గరు గానీ కంటికి కనిపించేంత తగ్గుతారు. ఆ మిగిలిన టైం షుగరు దిగనివాళ్లకు పోతుంది. వారంలో రెండు రోజులైనా సాయంత్రం ఓపీ ఉండాలి. సెంట్రింగ్ పని చేసేవాడు పగలు రాడు, రాలేడు. ఒకసారి ఎక్కించిన వివరం అన్ని పోర్టల్స్‌కీ పోవాలి. ఇంత సాఫ్ట్‌వేర్ తయారయ్యే ఊళ్లో అది కుదరదంటే నేను నమ్మను. షుగరు కార్డున్న మనిషికి వారంలో ఫలానా రోజు, ఫలానా డాక్టరు అని రాసి ఇవ్వాలి. కాంట్రాక్టు ప్రతి ఏటా మార్చి దాకా గాల్లో వేలాడకూడదు.

ఇంకోటి ఖర్చు లేనిది. 1950లలో లండన్‌లో మైకేల్ బాలింట్ అనే మానసిక వైద్యుడు జనరల్ డాక్టర్లను చిన్న గుంపుగా కూర్చోబెట్టి, తమను ఇబ్బంది పెట్టిన రోగి గురించి మాట్లాడుకోమనేవాడు. జబ్బు గురించి కాదు, ఆ మనిషి ముందు కూర్చున్నప్పుడు తమకు ఏమనిపించిందో చెప్పుకోవాలి. మేమూ ఇటువైపు పనిచేసే డాక్టర్లం, నర్సులం కొంతమందిమి అప్పుడప్పుడు ఒక ఇంట్లో కలుస్తాం. తెలుగు, కన్నడ, తమిళం అన్నీ కలగలిపి నడుస్తుంది. మందుల మోతాదులు మాట్లాడుకోకూడదన్నది ఒక్కటే నియమం. ఒక నర్సు, తనను రోజూ తిట్టే ముసలాయన గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ, ఆయన గొంతు తన తండ్రి గొంతులా ఉంటుందని అప్పటికప్పుడు గుర్తించింది. ఆయన మారలేదు. కానీ ఆయన వచ్చే రోజు తనకు ముందున్నంత భయం లేదని తర్వాత చెప్పింది.

అక్కడే రెండు నెలల మందుల సంగతి మీద పెద్ద వాదన నడిచింది. ఒక సహోద్యోగి గట్టిగా వ్యతిరేకించాడు. రెండు నెలలకు ఇస్తే మనిషి మధ్యలో జారిపోతాడు, సైటు మారిపోతాడు, మనకు తెలియదు, నెలకోసారి కనిపించడమే వాళ్లకు రక్షణ అన్నాడు. అతని మాటలో బలం ఉంది, తోసేయలేం. నేను అతనికి చెప్పింది ఇది: ఆమె నెలనెలా కనిపించింది. నాలుగు నెలలు వరసగా, నాలుగు సంతకాలు. కనిపించినా ఎవరికీ తెలియలేదు. రెండు నెలలకు ఒకసారి వచ్చి పది నిమిషాలు కూర్చుంటే, మధ్యలో ఆశా కార్యకర్త ఒకసారి ఫోన్ చేస్తే, అప్పుడు తెలుస్తుంది. ఫోన్ చేయడానికి ఆశా కార్యకర్తకు టైం ఎక్కడిది, ఆ ఫోన్ ఖర్చు ఎవరిస్తారు అని అతను తిరిగి అడిగాడు. సరైన ప్రశ్నే. దాన్ని కూడా కలిపి, అధికారులకు ఇవ్వబోయే మా వినతిపత్రంలో రాశాం. రెండు నెలల మందులు, సాయంత్రం ఓపీ, ఆశా ఫోన్ ఖర్చు, మూడూ ఒకే కాగితం మీద ఉన్నాయి. ఆరోగ్య కేంద్రంలో పనిచేసే తెలుగువాళ్లెవరైనా ఇది చదువుతుంటే, మీ దగ్గర మందులు ఎన్ని రోజులకు ఇస్తున్నారో, మధ్యలో ఎవరు పలకరిస్తున్నారో కింద రాయండి. ఆ కాగితం పైకి పంపే ముందు మీ అనుభవం కూడా అందులో చేర్చాలని ఉంది.